కొరుకుడు పీట

రస్కులు కాల్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కాలాయని చెప్పడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ బేకరీలో ఆ మాట చెప్పే హక్కు ఎప్పుడూ ఒక్క నోటికే ఉండేది. బట్టీ పక్కన గోడకు ఆనుకుని ఒక పాత చెక్క పీట ఉంటుంది. ముందురోజు కాల్చిన రొట్టెను ముక్కలు కోసి, ట్రేలలో పరిచి, సన్నటి సెగ మీద రెండోసారి ఆరబెడతారు. ఆ తర్వాత మూల ట్రేలోంచి ఒక ముక్క, నడిమి ట్రేలోంచి ఒక ముక్క తీసి చల్లారనిస్తారు. పీట మీద కూర్చున్న మనిషి ఆ రెండింటినీ ముందు పళ్ళతో కొరకాలి. "దించు" అంటే దించడమే, "ఉంచు" అంటే మళ్ళీ లోపలికి తొయ్యడమే. దానిమీద అప్పీలు లేదు. తాత బతికున్నన్నాళ్ళూ తాత పళ్ళే అక్కడ కోర్టు, ఆ తర్వాత ఆయన కొడుకువి. ఇంట్లో అందరూ దాన్ని కొరుకుడు పీట అనేవారు.

ఆ కొడుకు పళ్ళు, వయసు యాభై దాటగానే, చిగుళ్ళ జబ్బుతో ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. నవ్వడానికి బాగానే ఉన్నాయి గానీ కొరకడానికి కొరగాలేదు. రస్కు గట్టిగా ఉందో, పళ్ళ సెట్టు వదులుగా ఉందో ఆయనకే తెలిసేది కాదు, అయినా పీట మీద ఆయనే కూర్చునేవాడు. ఇక మిగిలింది ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు పళ్ళన్నీ గట్టివే, కాకపోతే పైవీ కిందవీ కలవవు. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవని సామెత. ఈ ఇంట్లో రెండూ ఉండి కూడా పని జరగడం లేదు.

"పీట మీద నోరు లేకపోతే బట్టీ ఎందుకు? ఆర్పేద్దాం. ఫ్యాక్టరీ రస్కులు తెచ్చి అమ్ముకుందాం," అనేవాడు నాన్న. ఊరికే అనే మనిషి కాదాయన. అన్న ప్రతిసారీ కూతురి గుండెలో రాయి పడేది, ఎందుకంటే ఆ పిల్లకు బట్టీ వాసన తప్ప మరో లోకం తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. పేరు పెట్టింది మేనత్త. తల్లి పోయాక ఆ ఇంటినీ, బేకరీలో ప్యాకింగునీ, తమ్ముడి కోపాన్నీ మొత్తంగా భుజాన వేసుకున్న మనిషి ఆవిడ. పిచ్చుకకు చిన్నప్పటి నుంచీ కింది దవడ ముందుకు పెరిగింది. నోరు గట్టిగా మూసినా ముందు పళ్ళ మధ్య నాలుక దూరేంత సందు మిగిలేది. వెనక దవడ పళ్ళు రెండు జతలే ఒకదానికొకటి తగిలేవి, జీవితమంతా నమిలిన తిండి వాటిమీదే నడిచింది. అందుకే రస్కు చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకుని టప్పుమని విరిచి, ఇంకా విరిచి, చిన్న చిన్న ముక్కలు నోట్లో వెనక్కి విసురుకునేది. "నాన్నా, ఇది లోపల తడి," అనేది విరవగానే. నాన్న నవ్వి, కొరికి చూసి, తల ఊపి ట్రేని లోపలికి తోసేవాడు. చిన్నపిల్ల ఆట కదా అని ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆపరేషన్ దాకా తీసుకెళ్ళింది పీట కాదు, నొప్పి. భారమంతా మోసిన ఆ నాలుగు పళ్ళూ అరిగిపోయాయి. చెవుల ముందు కీళ్ళు టక్కుమనేవి, సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది. దవడల సర్జన్ దగ్గరికి వెళితే ఆవిడ ముందు ఒక చిన్న ఫోర్కు లాంటి పరికరాన్ని వెనక పళ్ళ మధ్య పెట్టి కొరకమంది. ఎంత బలంగా కొరికిందో తెరమీద అంకె పడింది. ఆ తర్వాత కింది దవడ ఎముకను రెండు పక్కలా చీల్చి వెనక్కి జరుపుతామనీ, పైదాన్ని కూడా కొంచెం సర్దుతామనీ, చిన్న ప్లేట్లూ మరలూ పెట్టి బిగిస్తామనీ బొమ్మ గీసి చూపించింది.

"కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు కాదు గదా?" అంది అత్త, డాక్టరు ముందే.

"దాని నోరు, దాని ఇష్టం అక్కా," అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటకే పిచ్చుక ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాననుకుంది. రుణం ఇంకా పెరగబోతోందని అప్పటికి తెలియదు.

ఏడాదికి పైగా పళ్ళకు తీగలు కట్టించుకుని, చివరికి ఆపరేషన్ చేయించుకుంది. లేచాక మొహం గుమ్మడికాయంత వాచింది, కింది పెదవికి స్పర్శ లేదు, పైపళ్ళకూ కిందపళ్ళకూ రబ్బరు బ్యాండ్లు. అయినా ఆ రోజులు తలుచుకుంటే పిచ్చుకకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది. అత్త లోకంలో ఉన్నదాన్నంతా మిక్సీలో వేసింది. మిక్సీని మాత్రం వేయలేదు, అది కూడా ఇంకొకటి లేదు గనక. నాన్నేమో భోజనానికి కూర్చోగానే కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో పడేసి, కూతురు జుర్రుకునే జావే తనకూ పోయించుకునేవాడు.

"నీకేం రోగం? పళ్ళు పెట్టుకుని తినొచ్చుగా," అనేది అత్త.

"ఇద్దరికీ ఒకే వంటైతే నీకు సుఖం కదా అక్కా," అనేవాడు. గడ్డం మీద జావ కారుతున్నా పిచ్చుకకు తెలిసేది కాదు, స్పర్శ లేదుగా. ఆయన తన గడ్డం తుడుచుకుంటున్నట్టు చూపించేవాడు, అప్పుడు ఆమె తనది తుడుచుకునేది. ఆయన గడ్డం మీద ఏమీ ఉండేది కాదు.

రబ్బర్లు తీసేశాక నోరు తెరవడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. పళ్ళ మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పెట్టుకుని, ఒక్కో పుల్ల చేరుస్తూ, కళ్ళనీళ్ళు కారుతుండగా సాగదీసేది. కొన్నాళ్ళకు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతుక్కుందనీ, గట్టి పదార్థాలు మెల్లమెల్లగా మొదలుపెట్టమనీ చెప్పింది. పిచ్చుకకు "గట్టి పదార్థాలు" అన్నది వినబడింది, "మెల్లమెల్లగా" అన్నది వినబడలేదు. మర్నాడే వెళ్ళి పీట మీద కూర్చుంది.

నాన్న మూల ట్రేలోంచి ముక్క తీసి, ఊది, రెండు చేతులతో అందించాడు. పిచ్చుక ముందు పళ్ళతో కొరికింది. విరగడానికి చాలాసేపు పట్టింది, చెంపలు నొప్పెట్టాయి, కానీ విరిగింది. చేతిలో మిగిలిన ముక్క అంచు చూసుకుంది. పంటి గాట్లు వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా, నెలవంకలా ఉన్నాయి. పాతికేళ్ళ మనిషికి తన కాటు ఎలా ఉంటుందో అదే మొదటిసారి చూడటం. భోరున ఏడ్చేసింది. అత్త ఆ ముక్కను దాచిపెడతానని తీసుకెళ్ళి డబ్బాల అలమర మీద పెట్టింది, వారం తిరక్కుండా దాన్ని చీమలు గౌరవంగా మోసుకుపోయాయి.

"తీర్పేంటి తల్లీ?" అన్నాడు నాన్న.

"గట్టిగా ఉంది నాన్నా. మరీ ఎండిపోయింది. ముందే దించేస్తే బాగుంటుంది."

నాన్న నడిమి ముక్కను చేత్తో విరిచాడు. ఒక క్షణం బట్టీ వైపు చూశాడు. "సరే. పీట మీద ఉన్నవాళ్ళ మాటే మాట," అన్నాడు.

అప్పటినుంచీ ప్రతి విడతా ముందే దిగింది. అయినా పిచ్చుకకు గట్టిగానే ఉండేది, ఇంకా ముందు దించేది. ట్రేలు దించగానే తాను ముందు కొట్లోకి వెళ్ళి గిరాకీలు చూసుకునేది, వెనక ప్యాకింగు నాన్నా అత్తా చూసుకునేవారు. ఎవరూ ఏమీ అనలేదు. రస్కులు అమ్ముడవుతున్నాయి, నోరు కలిసింది, తలనొప్పి పోయింది. పిచ్చుక పొద్దున్నే లేచి అద్దంలో పళ్ళు కలిపి చూసుకుని, డాక్టరుకి ఒకటి, అత్తకి ఒకటి, నాన్నకి రెండు నమస్కారాలు మనసులో పెట్టుకునేది.

అంతలో నాన్నకు జ్వరం తగిలింది. మంచం దిగనివ్వకుండా అత్త ఇంట్లోనే కాపలా కూర్చుంది. బేకరీ మొత్తం పిచ్చుక చేతిలోకి వచ్చింది. కాల్చింది, కొరికింది, దించింది, ప్యాక్ చేసింది, పంపింది. ఆ వారం చివర్లో, వాళ్ళ దగ్గర అందరికన్నా ఎక్కువ రస్కులు కొనే టీకొట్టు ఆయన డబ్బాలు రెండు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఏంటమ్మాయ్ ఇది? మీ రస్కు టీలో ముంచక ముందే నానిపోయిందేంటి?"

"వాన పడింది కదండీ, గాలి తేమకి..."

"వాన నా కొట్టు మీద పడలేదా? ఇన్నేళ్ళూ పడలేదా? నిన్న ఒకాయన రస్కుని విరవబోతే మడత పడింది. చొక్కా మడిచినట్టు మడిచి నా చేతిలో పెట్టి పోయాడు. మీ నాన్న ఉన్నప్పుడు ఇట్లా ఎప్పుడన్నా జరిగిందా?"

ఆయన వెళ్ళాక పిచ్చుక బట్టీని తిట్టింది. పిండిని తిట్టింది. బర్నర్ విప్పి, మరలన్నీ తీసి తుడవసాగింది. ఆడలేక మద్దెల ఓడన్నదని పక్కింటి వాళ్ళను చూసి నవ్వడం తేలిక, మద్దెల మన చేతిలో ఉన్నప్పుడు అది ఓడుగానే కనిపిస్తుంది. నాన్నకు మందు వేసి, బేకరీ ఎలా ఉందో చూద్దామని అప్పుడే వచ్చిన అత్త, నేలంతా మరలు పరిచి కూర్చున్న మేనకోడల్ని చూసింది. తిరిగొచ్చిన డబ్బా తెరిచి ఒక రస్కు నొక్కింది. నిట్టూర్చింది.

"బట్టీని ఎందుకే చంపుతావు? దాని తప్పేం లేదు. ఈ వారం మీ నాన్న ట్రేలు మళ్ళీ లోపల పెట్టలేదు, అంతే."

"ఏంటి?"

"నువ్వు దించెయ్యమని అటు కొట్లోకి పోగానే, వాడు ట్రేలన్నీ మళ్ళీ లోపల పెట్టేవాడు. ఆరిపోతున్న బట్టీ వేడిలో కాసేపు ఉంచి తీసి నాకిచ్చేవాడు. నువ్వు పీటెక్కిన రోజు నుంచీ అదే వరస. దానికి చెప్పావో చూడు అని నా చేత ఒట్టు కూడా పెట్టించుకున్నాడు. ఇప్పుడు జ్వరంలో పడున్నాడు గనక నా ఒట్టు చెల్లదు."

పిచ్చుకకు మొహంలోకి వేడి ఎక్కింది. స్పర్శ సరిగా రాని గడ్డం తప్ప మొహమంతా మండింది. ముందు నాన్న మీద కోపం వచ్చింది, అది నిలవలేదు. దాని వెనకే భయం వచ్చింది, అది నిలిచింది. అంటే రస్కులు గట్టిగా లేవు. తన కాటే మెత్తబడింది. వంకర నోటితో వెనక పళ్ళ మీద పటపటా నమిలిన మనిషికి ఇప్పుడు చక్కటి నోరుండి కూడా బలం లేదు. చూడటానికి పళ్ళు, కొరకడానికి కాదు. ఇంతకన్నా నాన్న కట్టుడు పళ్ళు నయం. ఈ నోటితో పీట మీద కూర్చోవడం కుదరదు, తను కూర్చోకపోతే బట్టీ ఆరిపోతుంది.

మర్నాడు డాక్టరు దగ్గర అదే ఫోర్కు, అదే తెర. అంకె ఆపరేషన్‌కు ముందున్న దానికన్నా తక్కువ పడింది.

"చూశారా మేడమ్? పోయింది," అంది పిచ్చుక, ఏడుపు ఆపుకుంటూ.

"పోలేదు. ఇంకా రాలేదు," అంది డాక్టరు. "ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టుకో. పళ్ళు బిగించు." పిచ్చుక వేళ్ళు పట్టుకుని పిచ్చుక చెంప మీదే, చెవికి కాస్త కింద పెట్టింది. లోపల ఏదో కొంచెం ఉబ్బింది. "నువ్వు నమిలే బలమంతా ఎక్కువగా ఈ కండదే. ఎముకకి అతుక్కోవడం తెలుసు, దానికెవరూ నేర్పక్కర్లేదు. కండ సంగతి వేరు. ఇన్నేళ్ళూ అది ఒక ఎముకని ఒక చోటునుంచి లాగింది. మేం ఆ ఎముకనే జరిపేశాం. పైగా వారాల తరబడి పని లేకుండా పడుకుంది, చిక్కిపోయింది. ఇప్పుడు కొత్త చోట కొత్తగా లాగడం నేర్చుకోవాలి. మొదట్లో కాటు బలం తగ్గడం మామూలే."

"మళ్ళీ వస్తుందా?"

"చాలామందికి కొన్ని నెలల్లో పాత బలం తిరిగొస్తుంది. ఆ తర్వాత అంతకన్నా పెరుగుతుంది కూడా, ఎందుకంటే ఇప్పుడు నీ పళ్ళన్నీ కలుస్తున్నాయి. పుట్టుకతో నోరు సరిగ్గా ఉన్నవాళ్ళంత వస్తుందా అని అడిగితే, మాటివ్వను. అంతా రాకపోవచ్చు. తొందరపడకుండా నములు. రోజూ రస్కులు కొరుకుతున్నావా ఏంటి?"

పిచ్చుక తల దించుకుంది.

"ఎవరు కొరకమన్నారమ్మా? పుల్లలు పెట్టుకోమన్నాను గానీ బేకరీ మొత్తం పెట్టుకోమన్నానా?" డాక్టరు నవ్వింది. "నీ దవడ తప్పు చెప్పలేదు. గట్టిగా ఉందంది. నిజమే, నీకు గట్టిగానే ఉంది."

ఆ మాట పిచ్చుకతో పాటు ఇంటిదాకా వచ్చింది. నాన్న జ్వరం తగ్గి, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టుడు పళ్ళు గ్లాసులో ఉన్నాయి, బుగ్గలు లోపలికి పోయి చిన్నపిల్లాడిలా ఉన్నాడు. పిచ్చుక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాన్నా, నాకెందుకు చెప్పలేదు?"

ఆయన అత్త వైపు చూశాడు. అత్త కిటికీ వైపు చూసింది.

"నీ నోరు కలిసిన రోజమ్మా అది. ఆ రోజు నీ మొహం చూసినవాడెవడైనా నీ తీర్పు తప్పని నోరు తెరుస్తాడా? రస్కులు రేపు మళ్ళీ కాల్చుకోవచ్చు."

"అది సరే. ఇంకెంత ఆరాలో నీకెట్లా తెలిసింది? నీకు పళ్ళే లేవుగా."

"పళ్ళెందుకు?" నాన్న పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నువ్వు చూపించిందేగా. చెవి దగ్గర పెట్టుకుని విరిచేదానివి చూడు, అదే. నీ చిన్నప్పుడు నువ్వు తడి అన్న ప్రతిసారీ నేను కొరికి చూసేవాణ్ణి. ఒక్కసారి తప్పితే ఒట్టు. నా పళ్ళు ఊడుతుంటే ఏం చెయ్యాలో తోచక, చాటుగా నీలాగా విరిచి వినడం మొదలుపెట్టాను. పీట మీద కూర్చుని కొరికినట్టు నటించేవాణ్ణి, అంతే. నేను పీట దిగకముందే అక్కడ నీ చెవి కూర్చుంది తల్లీ."

పిచ్చుక గ్లాసులోని కట్టుడు పళ్ళ వైపు చూసింది. పాతికేళ్ళుగా తన దగ్గరున్న పనితనాన్ని, నోరు బాగుపడగానే తానే పక్కన పడేసింది. పీట అంటే కొరకాలి అనుకుంది, నాన్న కూడా అదే అనుకుని నటించాడు. ఇంటిల్లిపాదీ ఒక పీటకు భయపడి బతికారు. ఆమె ఆయన పాదాల మీద తల పెట్టి, ఏడుస్తూనే నవ్వింది. జావ తుడుచుకున్నట్టు నటించిన ఆ గడ్డం గుర్తొచ్చింది. ఈ మనిషి నటించడం మొదలుపెడితే దాని వెనక ఎప్పుడూ తనే ఉందని తెలిసి, కడుపు నిండిపోయింది.

"అయితే బట్టీ ఆర్పవుగా?" అంది.

"నీ చెవులున్నన్నాళ్ళూ ఆర్పను."

టీకొట్టు ఆయనకు కొత్త డబ్బాలు తానే మోసుకెళ్ళి ఇచ్చి, తప్పు తనదేనని చెప్పింది. ఆయన ఒక రస్కు విరిచి చూసి, "ఇదీ," అని టీ పోశాడు. ఆ రోజు నుంచీ పీట మీద తీర్పు చెవిదే. మూలది ఒకటి, నడిమిది ఒకటి, చెవి దగ్గర టప్పుమంటే దించడం, ముద్దగా మోగితే ఉంచడం. డాక్టరు ఒప్పుకున్నాక, వారానికి ఒక్కసారి మాత్రం, తీర్పంతా అయిపోయి ట్రేలు చల్లారాక, ఒక రస్కు తన కోసం కొరికేది. రస్కు ఎప్పుడూ అదే గట్టిదనం. మారాల్సింది తన చెంపలోని కండే.

"ఏమంటోంది?" అని అడిగేది అత్త ప్రతిసారీ.

"కొరకరాని కొయ్య అంటోంది."

"నాకు నువ్వు పుట్టినప్పటి నుంచీ అట్లాగే ఉన్నావులే," అనేది అత్త, డబ్బాలు మూస్తూ.

కొన్ని వారాలు చెంపలు నొప్పెట్టి సగంలో ఆపేసింది. కొన్నిసార్లు వెనక పళ్ళకు మార్చి కానిచ్చింది. గడ్డానికి స్పర్శ మెల్లగా, చీమలు పాకినట్టు తిరిగొచ్చింది. ఆ తర్వాత పనుల్లో పడి ఆ వారపు కాటును లెక్క చేయడమే మానేసింది, అలవాటుగా కొరికి, అలవాటుగా మింగేది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, విడత మొత్తం చెవితో పాసయ్యాక, పిచ్చుక పీట మీద కూర్చుని ఒకటి కొరికింది. ఆగిపోయింది. చేతిలో ముక్క వైపు చూసింది. మళ్ళీ కొరికింది.

"నాన్నా, ఇది మెత్తగా ఉంది."

పిండి కలుపుతున్న నాన్న చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. ట్రేలోంచి ఒకటి తీసి చెవి దగ్గర విరిచాడు. టప్పుమంది. ఇంకొకటి విరిచాడు. టప్పుమంది. "మెత్తగా ఎక్కడుందే?" అని అత్త కూడా వచ్చి ఒకటి విరిచింది. ముగ్గురి చెవులకూ అదే మాట, ఎండు రస్కు మాట.

"ఇది బాగానే ఆరిందిగా తల్లీ," అన్నాడు నాన్న అయోమయంగా. కూతురి మొహం చూశాడు. అప్పుడు ఆయనకు అర్థమైంది. చేతిలోని రస్కు నెమ్మదిగా ట్రేలో పెట్టేశాడు.

పిచ్చుక ఆయన చెయ్యి పట్టుకుని, పిండి చెయ్యే, తన చెంపకు ఆనించుకుంది. మిగిలిన ముక్కను ముందు పళ్ళతో కొరికి, వెనక్కి జరిపి నమిలింది. ఆయన అరచేతి కింద కండ గట్టిగా లేచి, దిగి, మళ్ళీ లేచింది. నాన్న చెయ్యి తీయలేదు. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, పిండి పడిందని చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"మరి ఈ విడత దించనా, ఉంచనా?" అన్నాడు నాన్న.

పిచ్చుక జవాబు చెప్పలేకపోయింది. నోటినిండా రస్కు ఉంది. దించమన్నట్టు తలూపింది.